కేడీ రిజిస్టరు తెరిచే ముందు: శిక్షణలో ఉన్న ఎస్సైలకు ఒక సోషియాలజీ మాస్టారి బహిరంగ లేఖ

మాన్యులైన శిక్షణార్థులకు నమస్కారాలు.

నేను చీరాల, బాపట్ల చుట్టుపక్కల కాలేజీల్లో 31 సంవత్సరాలు సోషియాలజీ చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సబ్-ఇన్‌స్పెక్టర్లుగా ఎంపికై, ప్రస్తుతం పరేడ్ మైదానానికీ తరగతి గదికీ మధ్య పరుగులు పెడుతున్న మీ అందరికీ ఈ లేఖ రాస్తున్నాను. మీ పై అధికారులకు రాయకుండా మీకే రాయడానికి కారణం ఉంది. మరికొన్ని నెలల్లో, ఫలానా మనిషి మీద షీటు, అంటే అనుమానితుడిగా నిఘా పెట్టడానికి స్టేషన్‌లో రాసి ఉంచే చరిత్ర కాగితం, తెరవాలా వద్దా అన్న ఫైలు ముందుగా వచ్చేది మీ బల్ల మీదికే. పైవాళ్లు ఆమోదిస్తారు, సంతకం పెడతారు. అందులో ఏ మాట పడాలో తేల్చేది మాత్రం మీ కలమే.

మనుషులు నేరాలు ఎందుకు చేస్తారన్న ప్రశ్న మీ పాఠాల్లో ఎలాగూ వస్తుంది. నా విద్యార్థుల ప్రశ్నపత్రాల్లోనూ వచ్చేది. దానికి పది మార్కుల జవాబు అందరికీ కంఠతా ఉండేది: పేదరికం, నిరుద్యోగం, నిరక్షరాస్యత, చెడు సావాసం, సినిమాల ప్రభావం. అయిదు పాయింట్లు, పాయింటుకు రెండేసి మార్కులు. ఏళ్ల తరబడి ఆ జవాబుకు నేనూ మార్కులు వేశాను. ఇప్పుడు తలచుకుంటే కొంత సిగ్గుగా ఉంది. ఆ అయిదు మాటల్లో ఏదీ అబద్ధమని కాదు. ఆ జవాబులో నేరం చేసినవాడు ఒక్కడే కనిపిస్తాడు. అది నేరమని తీర్మానించినవారు, ఎవరిని వెతకాలో ఎవరిని వదిలేయాలో ఎంచుకున్నవారు, పట్టుకున్నాక అతని పేరు పక్కన ఒక మాట రాసి బీరువాలో పెట్టినవారు అందులో ఎక్కడా ఉండరు.

ఆరేళ్ల కిందట మా ఇంట్లో దొంగతనం జరిగింది. గుంటూరులో పెళ్లికి వెళ్లి తిరిగి వచ్చేసరికి వెనక వసారా తలుపు గొళ్లెం మేకులతో సహా ఊడి వేలాడుతోంది. బీరువాలో నా భార్య గొలుసు, రెండు జతల గాజులు లేవు. ఫిర్యాదు ఇచ్చాక ఒక హెడ్ కానిస్టేబుల్ వచ్చారు. చెప్పులు గుమ్మం బయట విడిచి, మంచినీళ్లు తాగి, ఇంకా పుస్తకం తెరవకముందే ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "మాస్టారూ, ఈ మధ్య స్టువర్టుపురం వాళ్లెవరైనా మీ వీధిలో తిరిగారా?" స్టువర్టుపురం మా దగ్గర్లో రైలు కట్ట అవతల ఉన్న ఊరు, దొంగల ఊరని దాని మీద పాత ముద్ర. ఆ హెడ్ కానిస్టేబుల్ మర్యాదస్థుడు, పని తెలిసినవాడు, ఎవరి మీదా ప్రత్యేకమైన కోపం ఉన్నవాడు కాదు. ఆ మర్నాడు స్టువర్టుపురం నుంచి ముగ్గురు కుర్రాళ్లను స్టేషన్‌కు పిలిపించి రెండు రోజులు బెంచీ మీద కూర్చోబెట్టారని నాకు తరవాత తెలిసింది. వాళ్లలో ఒకడు ఆ వారం సెమిస్టర్ పరీక్ష రాయవలసినవాడు.

మూడు వారాలకు గొలుసు ఒక తాకట్టు దుకాణంలో దొరికింది. పెట్టినవాడు మా పక్కింటివారి దగ్గరి బంధువు, ఇంజనీరింగ్ పూర్తి చేసినవాడు. సెల్‌ఫోన్‌లో క్రికెట్ పందేలు కాసి, లోన్ యాప్‌లలో అప్పులు చేసి, ఆ వసూలుదార్ల ఫోన్లకు తట్టుకోలేక, మేము ఊళ్లో లేని సంగతి తెలుసుకుని ఈ పనికి ఒడిగట్టాడు. అతని మీద కేసు నడిచింది, అది న్యాయమే. అయితే ఆ తరవాత మా పేటలో జరిగిన దొంగతనాలకు ఇంజనీరింగ్ చదివిన కుర్రాళ్లెవరినీ స్టేషన్‌కు పిలవలేదు. స్టువర్టుపురం వాళ్లను మళ్లీ పిలిచారు. ఈ లేఖలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ మొదటి ప్రశ్న గురించే. అది ఎక్కడ పుట్టింది, ఎంతకాలంగా బతికి ఉంది, ఎవరిని ఏం చేసింది అన్నదే నా విషయం.

కోపం వచ్చినప్పుడు మనం 'వాడొట్టి కేడీ' అంటాం. ఇది తెలుగు మాట కాదని చాలామందికి స్ఫురించదు. 'నోన్ డెప్రిడేటర్' అని స్టేషన్ రిజిస్టరులో రాసుకున్న పేరుకు అది పొడి అక్షరాల రూపం. ఎరిగిన దొంగ అని దాని అర్థం. రిజిస్టరు నుంచి వీధిలోకి వచ్చి తిట్టుగా స్థిరపడింది. ఎరుక (సోదె) చెప్పుకుని బతికిన ఎరుకల కులం చివరికి పోలీసులు 'ఎరిగిన' కులంగా మిగలడం చరిత్ర ఆడిన వికటమైన శ్లేష.

నేరజాతుల చట్టం 1871 అక్టోబరులో వచ్చింది. మొదట ఉత్తర భారతానికి, తరవాత బెంగాలుకు, 1911 సవరణతో మన మద్రాసు ప్రెసిడెన్సీతో సహా దేశమంతటికీ వర్తించింది. ఆ బిల్లును సమర్థిస్తూ అధికారులు చేసిన వాదన ఇంచుమించు ఇలా సాగింది: ఈ దేశంలో నేతపని చేసేవాడి కొడుకు నేతపనే చేస్తాడు, వడ్రంగి కొడుకు వడ్రంగే అవుతాడు, కాబట్టి దొంగతనమే కులవృత్తిగా గలవారు కూడా తప్పక ఉండాలి. ఇటలీ వైద్యుడు లాంబ్రోసో పుర్రెలను కొలిచి, పుట్టుకతోనే నేరస్థులయ్యేవారు ఉంటారని పుస్తకం ప్రకటించింది 1876లో. మన దగ్గర అంతకు అయిదేళ్ల ముందే, ఒక్క పుర్రెనైనా కొలిచే శ్రమ లేకుండా, కులాలకు కులాలనే ఆ జాబితాలోకి ఎక్కించే వీలు కల్పించారు. ఒక తెగను నేరజాతిగా ప్రకటించాక ఆ ప్రకటన చెల్లదని ఏ కోర్టులోనూ ప్రశ్నించడానికి వీల్లేదు. పేరు నమోదు చేయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, పిలిచినప్పుడు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే పాసు తీసుకోవాలి. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారాన్ని 1897 సవరణ ఇచ్చింది.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ చట్టం కిందికి వచ్చినవారిలో ఎరుకలవారు ముఖ్యులు. వారిలో ఒక శాఖకు ఉప్పు ఎరుకలు అని పేరు. ఆ పేరులోనే వారి పాత జీవనం దాగి ఉంది. కోస్తా నుంచి ఉప్పును ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని మెట్ట ప్రాంతాలకు తీసుకుపోయి, అక్కడి నుంచి ధాన్యం తెచ్చి అమ్ముకునేవారు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ సంగతిని వివరంగా పరిశోధించారు. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం, 1850ల నుంచి వేసిన రైలు మార్గాలు, 1876-78 నాటి మహాక్షామం, అడవిలో వెదురుకూ పశువుల మేతకూ అడ్డం వచ్చిన అటవీ చట్టాలు ఒకదాని తరవాత ఒకటిగా వారి వర్తకాన్ని తినివేశాయి. ఊరూరా తిరిగి ఉప్పు అమ్మినంతకాలం వర్తకులు. ఉప్పు లేకుండా అదే దారిలో తిరిగితే అనుమానితులు. తిరగడం మారలేదు, చేతిలో మూట మాత్రం మాయమైంది.

బాపట్లకూ చీరాలకూ మధ్య రైలు మార్గం పక్కన ఉన్న స్టువర్టుపురం అలా అనుమానితులైన ఎరుకలవారిని ఒకచోట ఉంచడానికి వెలసిన ఊరే. మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారి అయిన హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టి, మొదటి ప్రపంచ యుద్ధానికి కొద్దిగా ముందు సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి దాన్ని అప్పగించారు. బెజవాడ దగ్గరి సీతానగరం, నెల్లూరు జిల్లా కావలిలో కూడా ఇటువంటి సెటిల్‌మెంట్లు నడిచాయి. మనుషులను బాగుచేయడం పైకి చెప్పిన ఉద్దేశం. స్టువర్టుపురం వారు చీరాలలోని పొగాకు కంపెనీలో కూలికి కుదిరారన్నది ఆ కాలపు కాగితాల్లో కనిపించే మరో కోణం. చెప్పినచోట, చెప్పిన కూలికి, పాసు లేకుండా బయటికి కదలలేని కూలీలు దొరకడం ఏ యజమానికైనా చేదు కాదు. ఇంతకంటే దీన్ని నేను సాగదీయను.

ఇక మీ పాఠ్యపుస్తకంలోని పేర్లను ఈ ఊరి గుమ్మంలో నిలబెట్టి చూద్దాం.

ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త ఎమిల్ డర్కైమ్ 1895లో ఒక విచిత్రమైన మాట అన్నాడు. నేరం లేని సమాజం ఉండదు, అందరూ సాధువులే ఉన్న మఠంలో కూడా మనకు చిన్నవిగా కనిపించే తప్పులే అక్కడ నేరాలవుతాయి అన్నది దాని సారాంశం. నేరాన్ని శిక్షించడంలో జనం తాము ఒకటేనన్న భావనను గట్టిపరుచుకుంటారని కూడా అతని వాదన. మా ఇంట్లో గొలుసు పోయిన సాయంత్రం నేను దీన్ని కళ్లారా చూశాను. నెలల తరబడి మాటలు లేని ఇరుగుపొరుగులు మా అరుగు మీద చేరారు, టీ తాగారు, తలుపు గొళ్లేన్ని చేత్తో తడిమి చూశారు. అందరూ కలిసి ఒకే వైపు, రైలు కట్ట అవతలి ఊరి వైపు, వేలు చూపారు. ఆ చూపించినవారిలో గొలుసు తీసినవాడి మేనత్త కూడా ఉంది. పాపం ఆమెకు అప్పటికి తెలియదు.

పేదరికమే నేరానికి మూలమన్న మన పది మార్కుల జవాబును అమెరికాకు చెందిన రాబర్ట్ మెర్టన్ 1938లోనే సరిదిద్దాడు. లేమి ఒక్కటే మనిషిని నేరానికి నెట్టదు. ఫలానా ఎత్తుకు చేరకపోతే నువ్వు మనిషివే కావని అందరికీ ఒకే పాట వినిపించి, అక్కడికి చేర్చే మెట్లను మాత్రం కొందరికే అందుబాటులో ఉంచినప్పుడు, ఆ సందులో కొత్త దారులు తొక్కేవారు పుడతారన్నాడు. ఇది స్టువర్టుపురం కంటే మా పక్కింటి ఇంజనీరుకే బాగా సరిపోయే వివరణ. ఇంటర్ మొదటి రోజు నుంచి ర్యాంకుల హోర్డింగుల కింద పెరిగి, ఫీజు కోసం తండ్రి పొలం తాకట్టు పెట్టగా డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగం రాక, స్నేహితుల అమెరికా ఫొటోలు చూస్తూ గదిలో కూర్చున్న కుర్రవాడికి, ఒక్క రాత్రిలో డబ్బు రెట్టింపవుతుందని చెప్పే యాప్ దేవుడిలా కనిపిస్తుంది. ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. నిషేధించినా ఫోన్‌లో అవి ఎలా దొరుకుతున్నాయో నాకంటే మీకే బాగా తెలుసు.

నేరం నేర్చుకుంటే వచ్చేదే తప్ప పుట్టుకతో రాదని ఎడ్విన్ సదర్లాండ్ చెప్పాడు. సన్నిహితుల మధ్య మసలుతూ మనిషి రెండు నేర్చుకుంటాడు: ఒకటి పని చేసే పద్ధతి, రెండోది ఆ పని తప్పు కాదని తనకు తాను చెప్పుకునే మాటలు. ఇక్కడివరకు చెడు సావాసమన్న మన పాయింటుకు ఇది సరిపోయినట్టే ఉంటుంది. కానీ సదర్లాండ్ అక్కడ ఆగలేదు. సూటూబూటూ వేసుకున్నవారు తమ ఉద్యోగంలో భాగంగా చేసే నేరాల మాటేమిటని 1939లో తోటి సమాజశాస్త్రవేత్తల సభలో అడిగి, పదేళ్ల తరవాత 70 పెద్ద కంపెనీల ఉల్లంఘనలను లెక్కగట్టి పుస్తకం వేశాడు. పరువునష్టం దావాలకు భయపడి ప్రచురణకర్తలు అందులో కంపెనీల పేర్లు తీయించారు. ఆ పేర్లు అచ్చులో కనిపించడానికి 1983 దాకా పట్టింది. బుట్టలల్లేవాడి పేరు రిజిస్టరు ఎక్కడానికి ఒక్క రాత్రి చాలు.

మన దగ్గరి ఉదాహరణ చెప్పాలంటే, 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ తానే లేఖ రాసి లెక్కల్లో వేల కోట్ల మోసాన్ని బయటపెట్టుకున్నారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు నిందితులను దోషులుగా తేల్చింది. అప్పీలులో ఆ శిక్ష అమలును నిలిపివేశారు. అందులో సదర్లాండ్ చెప్పినవన్నీ ఉన్నాయి. పద్ధతి నేర్చుకున్నారు, కంపెనీ పరువు కోసమే అన్న సమర్థన కూడా నేర్చుకున్నారు, ఆ గదిలో ఒకరిని చూసి ఒకరు ధైర్యం తెచ్చుకున్నారు. ఆ తరవాత హైదరాబాద్‌లోని ఆడిటర్ల కాలనీలకు ఎవరూ రాత్రి గస్తీ వేయలేదు, వాళ్ల పిల్లలను ఏ స్టేషన్ బెంచీ మీదా కూర్చోబెట్టలేదు. కూర్చోబెట్టకపోవడమే సరైన పని. అదే న్యాయం రైలు కట్ట అవతలికి కూడా నడవాలన్నదే నేను అడిగేది.

దీనికి దగ్గరిదే ఇంకొకటి. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం మీకు గుర్తుండే ఉంటుంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి తీసుకుపోయిన మన కుర్రాళ్లను అక్కడ గదుల్లో ఉంచి, సాటి భారతీయులను ఫోన్లలో మోసం చేసే పనికి పెట్టారు. వాళ్లు నేరస్థులా, బాధితులా? పది మార్కుల జవాబులో ఈ ప్రశ్నకు చోటు లేదు. ఆ కేసు చూసిన అధికారులు మాత్రం ఏజెంట్లను నిందితులుగా, కుర్రాళ్లను బాధితులుగా విడదీసి చూశారు. పోలీసు కలం అలా కూడా రాయగలదనడానికి అది సాక్ష్యం, అందుకే గుర్తుచేశాను.

అయితే స్టువర్టుపురం గురించి సూటిగా మాట్లాడేవాళ్లు వేరే ఉన్నారు. ఎడ్విన్ లెమర్ట్ 1951లో మొదటి తప్పుకూ రెండో తప్పుకూ తేడా చూపించాడు. మొదటి తప్పు ఎవరైనా, ఎందుకైనా చేయవచ్చు. దానికి లోకం ఒక పేరు పెట్టాక, ఆ పేరుకు తగ్గట్టుగా బతకడం మొదలుపెట్టి చేసేది రెండోది. హోవార్డ్ బెకర్ 1963లో దీన్ని ఇంకా ముందుకు తీసుకుపోయి, నేరమన్నది పనిలో ఉండే గుణం కాదనీ, ఇతరులు ఆ పనికి, ఆ మనిషికి వేసే ముద్ర అనీ అన్నాడు. విలియం ఛాంబ్లిస్ అనే ఆయన 1973లో ప్రకటించిన చిన్న పరిశీలన మీ తరగతిలో చెప్పకపోతే అడిగి మరీ చెప్పించుకోండి. ఒకే హైస్కూలులో రెండు కుర్రమూకలు. ఎనిమిదిమంది కలిగినవారి పిల్లలు, ఆరుగురు లేనివారి పిల్లలు. బడి ఎగ్గొట్టడం, తాగి కారు నడపడం, వస్తువులు పాడుచేయడం లాంటి తుంటరి పనుల్లో మొదటివాళ్లు రెండోవాళ్లకు తీసిపోరు. కానీ కారున్నవాళ్లు ఊరవతలికి పోయి చేస్తారు, పట్టుబడితే వినయంగా క్షమాపణ చెబుతారు. లేనివాళ్లు నడివీధిలో చేస్తారు, ఎదురు తిరుగుతారు. ఊరు, బడి, పోలీసు కలిసి మొదటివారిని మంచిపిల్లలనీ రెండోవారిని పోకిరీలనీ తీర్మానించాయి. మంచిపిల్లలు దాదాపు అందరూ కాలేజీకి వెళ్లారు. పోకిరీలలో ఇద్దరు హత్యానేరాల మీద జైలుకు వెళ్లారు, ఇద్దరు ఆటల పుణ్యమా అని చదువుకుని బడుల్లో ఉద్యోగాలు సంపాదించుకున్నారు. నాకు అందులో అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఆ చివరి ఇద్దరే. బంతి చేతికి రాగానే ఊరు వాళ్లను వేరే పేరుతో పిలవడం మొదలుపెట్టింది.

ఈ ముద్ర సిద్ధాంతంతో అన్నీ తేలిపోతాయని నేను చెప్పడం లేదు. మొదటి దొంగతనానికి అది కారణం చెప్పలేదు. స్టువర్టుపురం నుంచి నిజంగానే దొంగలు వచ్చారు. ఆ ఊరి పెద్దలే ఆ సంగతి దాచరు, నేను దాచడం దేనికి? మెర్టన్‌కూ ఒక చిక్కుంది. లేమి, నిరాశ ఆడవాళ్లకు మగవాళ్లకంటే తక్కువేమీ కాదు గదా, మరి మన జైళ్లలో స్త్రీలు నూటికి నలుగురైదుగురే ఎందుకున్నారన్న ప్రశ్నకు అతని దగ్గర జవాబు లేదు. గొలుసు పోయిన ఇల్లాలికి ఈ పేర్లేవీ ఊరటనివ్వవని కూడా ఎరుగుదును. మా ఆవిడ ఇప్పటికీ రాత్రిపూట రెండుసార్లు లేచి వెనక తలుపు చూసి వస్తుంది.

ట్రావిస్ హిర్షి 1969లో ప్రశ్ననే తిరగేశాడు. నేరం ఎందుకు చేస్తారని కాదు, మనలో ఎక్కువమంది ఎందుకు చేయడం లేదని అడగమన్నాడు. తల్లిదండ్రుల మీద మమకారం, పోగొట్టుకోవడానికి సిద్ధపడని చదువో ఉద్యోగమో, తీరిక లేని పని, నియమం మీద నమ్మకం అనే నాలుగు ముళ్లు మనిషిని కట్టి ఉంచుతాయన్నాడు. ఈ నాలుగింటినీ వరసగా తెంపే యంత్రం ఏదైనా ఉందా అంటే నేరజాతుల చట్టం పేరే చెప్పాలి. పిల్లలను తల్లుల నుంచి విడదీసింది, వృత్తిని అంతకుముందే పోగొట్టుకున్నవాళ్లను కాపలా మధ్య పనిచేసే కూలీలుగా మార్చింది, ఏ తప్పూ చేయకముందే శిక్ష వేసి నియమం మీద నమ్మకాన్ని చంపింది. ఆ ముళ్లను మళ్లీ వేయడానికి పూనుకున్నవారూ ఉన్నారు. కవి గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం 1970ల నుంచి స్టువర్టుపురంలో చేసిన పని గురించి మా తరానికి తెలుసు. వాళ్లు సిద్ధాంతం మాట్లాడలేదు. ఇళ్లకు వెళ్లారు, జైల్లో ఉన్నవారితో మాట్లాడారు, వదిలేస్తామని వచ్చినవారికి ఊళ్లో నిలదొక్కుకునే దారి వెతికారు. పోలీసులతో కూర్చుని మాట్లాడటం కూడా ఆ పనిలో భాగమే.

చట్టం పోయింది గదా, ఇంకా ఈ పాత గొడవ దేనికని మీలో కొందరు అనుకోవచ్చు. 1936లో నెల్లూరు వచ్చినప్పుడు నెహ్రూ ఆ చట్టాన్ని తీవ్రంగా ఖండించారు. ఏ జాతినీ నేరజాతి అనడానికి లేదన్నారు. నెల్లూరుకే చెందిన వెన్నెలకంటి రాఘవయ్య దాన్ని ఎత్తివేయించడానికి పాటుపడ్డారు. మద్రాసు రాష్ట్రం 1947లోనే రద్దు చేసుకుంది. తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షత వహించిన కమిటీ సిఫారసు తరవాత 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం పోయింది. పోయిన చోటికి అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 1962లో తనది తాను చేసుకుంది. కొత్త చట్టంలో కులం పేరు లేదు, నిజమే. కానీ అప్పటికే రిజిస్టరులో ఉన్న పేర్లు ఎవరివో, ఏ ఊరివో ఆలోచించండి. అలవాటు ఎవరిదన్నది అసలు ప్రశ్న. కొన్నిచోట్ల అది దొంగతనం చేసేవాడి అలవాటు. చాలాచోట్ల వెతికేవాడి అలవాటు.

ఇది నా ఒక్కడి చాదస్తం కాదని చెప్పడానికి రెండు తీర్పులు ప్రస్తావిస్తాను. ఢిల్లీకి చెందిన ఒక హిస్టరీ షీటు వివాదంలో 2024 మే నెలలో సుప్రీంకోర్టు, వెనకబడిన వర్గాలకు, దళిత, గిరిజన కులాలకు చెందిన అమాయకుల మీద యాంత్రికంగా షీట్లు తెరవకుండా రాష్ట్రాలన్నీ తమ విధానాలను తిరిగి పరిశీలించుకోవాలని సూచించింది. అదే ఏడాది అక్టోబరు 3న, పాత్రికేయురాలు సుకన్యా శాంత వేసిన కేసులో, జైళ్లలో కులాన్నిబట్టి పని పంచడాన్ని కొట్టివేసింది. సంచార తెగలవారికి పారిపోయే గుణం సహజమని రాసుకున్న జైలు నియమం కూడా ఆ కేసులో బయటికి వచ్చింది. 1871 నాటి ఆలోచన 2024 దాకా అచ్చులో బతికే ఉందన్నమాట. దేశంలోని ఖైదీల్లో నూటికి దాదాపు 76 మంది ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలేనని 2022 జైలు గణాంకాలు చెబుతున్నాయి. నిరక్షరాస్యత నేరానికి కారణమని ఆ గణాంకాల నుంచే జవాబు రాయడం మన అలవాటు. బెయిలు పూచీకత్తు తెచ్చుకోలేనితనానికి నిరక్షరాస్యత కారణమని అదే లెక్కల నుంచి రాసినా తప్పు కాదు. లెక్కలో కనిపించేది నేరం చేసినవారు కాదు, పట్టుబడి లోపల మిగిలినవారు.

ఇక నా విన్నపం. మీరు సిద్ధాంతాలకు మార్కులు తెచ్చుకుని వదిలేయకుండా, స్టేషన్‌కు వెళ్లిన మొదటి నెలలోనే సస్పెక్టు షీట్లు, కేడీ షీట్లు ఉన్న బీరువా తెరిచి ఒకసారి చదవండి. తేదీలు చూడండి. ఏళ్ల తరబడి ఏ కేసూ లేకుండా కేవలం నిద్రపోతున్న షీటు కనిపిస్తే దాన్ని మూయించడానికి మీరే నోట్ పెట్టండి. స్టేషన్‌లో కాగితాలు చూసే రైటర్ 'ఎందుకొచ్చిన గొడవ సార్, ఉండనీయండి' అంటారు, అన్నా పెట్టండి. కొత్త షీటు తెరవవలసి వస్తే, అతను చేసిన పని ఏమిటో, దానికి రుజువేమిటో రాయండి. అతని తాత ఏం చేశాడో, ఏ ఊరివాడో కారణంగా రాయకండి. విలేకరుల ముందు రికవరీ చేసిన సొత్తు చూపించేటప్పుడు ఊరి పేరుతో ముఠాకు పేరు పెట్టకండి, ఎందుకంటే ఆ మర్నాడు పేపరులో ఆ పేరు చదివేది ఆ ఊరి బడిపిల్లలు కూడా. మొదటిసారి చిన్న తప్పు చేసినవాడి విషయంలో జైలుకు పంపకుండా సత్ప్రవర్తన షరతు మీద వదిలే 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉందని గుర్తుంచుకోండి. మైనరుగా ఉన్నప్పటి కేసు వల్ల, అది మరీ ఘోరమైన నేరం అయితే తప్ప, అనర్హత అంటకూడదని, ఆ కాగితాలు గడువు తీరాక తీసివేయాలని 2015 బాలల న్యాయ చట్టం చెబుతుంది. ఉద్యోగానికో పాస్‌పోర్టుకో వెరిఫికేషన్ వచ్చినప్పుడు ఆ సంగతి మరచిపోయి పాత రిమార్కు ఎక్కించే స్టేషన్లు ఉన్నాయి.

అన్నిటికంటే చిన్న కోరిక ఒకటుంది. దొంగతనం జరిగిన ఇంటికి వెళ్లినప్పుడు మీ నోట వచ్చే మొదటి ప్రశ్నను మార్చుకోండి. గొళ్లెం ఎలా ఊడింది, తాళం ఎవరికి తెలుసు, మీరు ఊళ్లో లేరని ఎవరెవరికి చెప్పారు అని అడగండి. మా ఇంట్లో ఈ మూడో ప్రశ్న అడిగి ఉంటే గొలుసు మూడు వారాలు కాదు, మూడు రోజుల్లో దొరికేది.

పరీక్ష రోజున బెంచీ మీద కూర్చున్న కుర్రవాడు ఆ సబ్జెక్టును మరుసటి ఏడాది రాసి పాసయ్యాడు. ఎం.ఏ. సోషియాలజీ కూడా చేశాడు. ఈమధ్య గ్రూప్-2 దరఖాస్తు నింపుతూ మా ఇంటికి వచ్చి, చిరునామా గడి దగ్గర ఆగి, మండలం పేరు రాసి ఊరి పేరు దగ్గర పెన్ను పైకెత్తి నా వైపు చూశాడు. "అమ్మమ్మగారి ఊరు రాయనా మాస్టారూ?" అని అడిగాడు. అతని వెరిఫికేషన్ కాగితం వస్తే మీలో ఒకరి బల్ల మీదికే వస్తుంది. స్టువర్టుపురం అనే రాయమన్నాను.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన సోషియాలజీ అధ్యాపకుడు,
చీరాల.